అల్జీరియా ఫుట్‌బాల్ టీమ్ ఇప్పటిదాకా ఏం సాధించింది?

కప్పుల లెక్క అడిగితే ఆఫ్రికా కప్ రెండుసార్లు, 1990లో సొంతగడ్డ మీద నైజీరియాని 1-0తో, 2019లో కైరోలో సెనెగల్‌ని అదే స్కోరుతో కొట్టి గెలిచారు. రెండోసారి బునెజా గోల్ రెండో నిమిషంలోనే పడిపోయింది, మిగతా మ్యాచంతా కాపాడుకోవడమే.

కానీ నన్నడిగితే అసలు కథ 1982 వరల్డ్ కప్‌ది. స్పెయిన్‌లోని హిహోన్‌లో వెస్ట్ జర్మనీని 2-1తో ఓడించారు, జర్మనీ ఆటగాడు రుమెనిగె స్కోరు సమం చేశాడో లేదో వెంటనే అల్జీరియా తరఫున బెలూమీ ఇంకోటి కొట్టేశాడు. చిలీని కూడా ఓడించారు, అయినా ఇంటికే వెళ్ళారు! ఎందుకంటే వీళ్ళ ఆటలు అయిపోయిన మర్నాడు జర్మనీ-ఆస్ట్రియా మ్యాచ్ ఉంది, జర్మనీ 1-0తో గెలిస్తే ఇద్దరూ పైకి వెళ్తారని వాళ్ళకి ముందే తెలుసు, పదో నిమిషంలో గోల్ పడ్డాక ఇక అటూ ఇటూ బంతి తోసుకుంటూ టైంపాస్ చేశారు. ఆ గొడవ తర్వాతే 1986 నుంచి గ్రూప్ చివరి మ్యాచ్‌లు ఒకే టైంకి పెడుతున్నారు.

2014 వరల్డ్ కప్‌లో దక్షిణ కొరియాపై 4-2తో గెలిచారు, వరల్డ్ కప్‌లో ఒకే మ్యాచ్‌లో నాలుగు గోల్స్ కొట్టిన తొలి ఆఫ్రికా టీమ్ వీళ్ళే, నాకౌట్‌లో మాత్రం మళ్ళీ జర్మనీయే తగిలింది, ఎక్స్‌ట్రా టైంలో 2-1తో ఓడారు. ఇక 2018 నుంచి వరసగా 35 మ్యాచ్‌లు ఓటమే లేకుండా ఆడి, చివరికి 2022 జనవరిలో ఈక్వటోరియల్ గినీ లాంటి చిన్న టీమ్ చేతిలో 1-0తో దొరికిపోయారు.