నాలుగు వేల షేర్లు, తొమ్మిది మంది మనుషులు

"సోషల్ మీడియా వల్ల యువత రాజకీయాల్లోకి నిజంగా వస్తున్నారా, లేక లైకులతో సరిపెడుతున్నారా?" అని అడిగారు. నాకు జరిగింది చెప్తాను. అందులో మీ జవాబు ఎంత ఉందో మీరే చూసుకోండి.

నాకు 22 ఏళ్లప్పుడు, మేం ఆడుకునే మైదానాన్ని మున్సిపాలిటీ లీజుకి ఇవ్వబోతోందని తెలిసింది. రాత్రికి రాత్రే పేజీ పెట్టాం. నా స్నేహితుడొకడు పోస్టర్ చేశాడు, అదిరిపోయింది. మూడు రోజుల్లో నాలుగు వేల షేర్లు. ముక్కూమొహం తెలియని వాళ్లు కూడా "మేం మీతో ఉన్నాం" అంటూ పిడికిలి బొమ్మలు పెట్టారు. నాకైతే సగం గెలిచేసినట్టే అనిపించింది.

అభ్యంతరాలు వినడానికి సభ పెట్టారు. పనిరోజు, పొద్దున పదకొండింటికి. (చదువుకునేవాళ్లూ ఉద్యోగాలు చేసేవాళ్లూ రాలేని టైమ్ చూసి మరీ పెడతారు, ఆ గొడవ ఇంకోసారి.) నాతో కలిపి తొమ్మిది మందిమి వెళ్లాం. ఫోన్ తీసి షేర్ల లెక్క చూపించాను. అక్కడి అధికారి కళ్లజోడు సర్దుకుని చూసి, "బాగుంది బాబూ, కానీ దీన్ని ఫైల్లో పెట్టలేను కదా. కాగితం మీద రాసి సంతకాలు చేసివ్వండి" అన్నారు. తొమ్మిది మందిలో ఒక్కరి దగ్గరా పెన్ను లేదు! అటెండర్‌ని బతిమాలి తీసుకుని, గోడకి ఆనించి రాశాం. పోస్టర్ చేసినవాడు అసలు రాలేదు. మధ్యాహ్నం మెసేజ్ పెట్టాడు: "లైవ్ ఎందుకు పెట్టలేదురా?"

రెండో సభకి పోస్టు పెట్టలేదు. రెండు సాయంత్రాలు కూర్చుని ఒక్కొక్కరికీ ఫోన్ చేశాను. "నువ్వు వస్తున్నావా, లేదా? అది చెప్పు చాలు." అరవై మందికి పైగా వచ్చారు. పేజీలో ఎప్పుడూ ఒక్క లైకు కూడా కొట్టనివాళ్లు వాళ్లలో ఎంతమందో! అప్పట్నుంచి నా లెక్క ఒకటే: మనిషిని కదిలించేది పోస్టు కాదు, తెలిసినవాడు.

ఇది నా సొంత పైత్యం మాత్రమే కాదు. 2010 అమెరికా కాంగ్రెస్ ఎన్నికల రోజున ఫేస్‌బుక్‌లో ఆరు కోట్ల మందికి పైగా యూజర్ల మీద ఒక ప్రయోగం చేశారు. 2012లో 'నేచర్' పత్రికలో వచ్చింది. ఉత్తి "ఓటెయ్యండి" అన్న సందేశం చూసినవాళ్లలో తేడా ఏమీ రాలేదు. ఓటేశామని చెప్పిన స్నేహితుల ఫొటోలు కూడా చూసినవాళ్లు మాత్రం కొద్దిగా ఎక్కువ మంది వెళ్లి ఓటేశారు. అందులోనూ పనిచేసింది దగ్గరి స్నేహితులే.

"మరి నేపాల్ సంగతేంటి?" అంటారు. నిజమే, 2025 సెప్టెంబర్‌లో కుర్రాళ్లు ప్రభుత్వాన్నే దించేశారు, డిస్కార్డ్ అనే చాట్ యాప్‌లో చర్చించుకుని తాత్కాలిక ప్రధానిగా మాజీ చీఫ్ జస్టిస్ సుశీలా కార్కి పేరును ముందుకు తెచ్చారు. కానీ అక్కడ మంట రాజేసింది ఏమిటి? అవినీతి మీద కోపం ఎప్పటినుంచో ఉంది, దానికి తోడు ప్రభుత్వం 26 యాప్‌లూ సైట్లూ ఆపేసింది. 2011లో ఈజిప్టు ప్రభుత్వం ఇంటర్నెట్ కట్ చేసినప్పుడూ జనం ఇంట్లో కూర్చోలేదు. నన్నడిగితే, ఫోన్ పనిచేసినంతసేపూ కోపం అందులోనే ఖర్చయిపోతుంది.

అలాగని "ఈ కాలం పిల్లలు బద్ధకస్తులు" అనే పెద్దలతో నేను లేను. పొద్దున్నే గులాబీ పువ్వుతో శుభోదయం, మధ్యాహ్నానికి ఎవడో వండిన అబద్ధపు వార్త ఫార్వర్డ్ చేసేది ఎవరో మనకి తెలీదా?

మైదానం సగం మిగిలింది. అప్పటి గ్రూపులో ఇప్పటికీ మూడు వందల మంది ఉన్నారు. ఫలితం అందులో నాలుగుసార్లు పెట్టాను. మొన్న పోస్టర్ చేసినవాడే అడిగాడు: "ఒరేయ్, ఇంతకీ గ్రౌండ్ ఏమైంది?"