సొంత ప్రభుత్వాన్ని విమర్శిస్తే ఇంటికి రానివ్వని జాబితాలు నిజంగా ఉండేవా?

ఉండేవి. విదేశాల్లో ఉండి సర్కారును తిట్టినవాళ్లను సొంతూరికి రానివ్వరా అని మీరడిగారు కాబట్టి, నాకు దగ్గరగా తెలిసిన తైవాన్ సంగతి చెబుతాను.

మాది గుంటూరు, బ్రాడీపేట. ఎనభైల మొదట్లో అమెరికాలో ఎమ్మెస్ చేసేటప్పుడు నా రూమ్మేట్ తైవాన్ అబ్బాయి. వాళ్ల దేశంలో 1949లో పెట్టిన మార్షల్ లా 1987 దాకా నడిచింది. ఆ సర్కారుకు వ్యతిరేకంగా అమెరికాలో ఊరేగింపు ఉందంటే ముందురోజు రాత్రే కిరాణా కాగితం సంచికి కళ్ల దగ్గర రెండు కన్నాలు కత్తిరించుకునేవాడు. ఎవరి కంటా పడకూడదని. ఆ కళ్లు మరెవరివో కాదు, క్లాసులో పక్కన కూర్చునే తైవాన్ విద్యార్థులవే. డబ్బు తీసుకుని తైవాన్ సర్కారుకు పేర్లు మోసేవాళ్లుండేవారు. వాడిది ఉత్త టెన్షన్ అనుకోవద్దు. 1981లో అమెరికాలోని కార్నెగీ మెలన్ యూనివర్సిటీలో పాఠాలు చెప్పే తైవాన్ మనిషి చెన్ వెన్-చెంగ్ సొంత దేశ రాజధాని తైపే వెళ్తే భద్రతా అధికారులు పిలిపించి ప్రశ్నించారు. మర్నాడు అక్కడి యూనివర్సిటీ ఆవరణలో శవమై కనిపించాడు.

జాబితాలో పేరుందని ఎవరూ చెప్పరు, అసలు కిటుకు అదే. మావాడు పాస్‌పోర్టు రెన్యువల్‌కి ఇస్తే ఔననలేదు, కాదనలేదు. ఎప్పుడడిగినా "పరిశీలనలో ఉంది". పామూ చావదు, కర్రా విరగదు. కాదని కాగితమిస్తే కదా దాన్ని పట్టుకుని కొట్లాడేది! ఈలోగా వాళ్ల నాన్న పోయాడు. కడసారి చూపు దక్కలేదు, క్యాసెట్‌లో నాలుగు మాటలు రికార్డు చేసి తమ్ముడికి పంపాడు. సెలవులకొచ్చి ఇంట్లో ఈ సంగతి చెబితే మా అమ్మ అడిగిన మొదటి మాట, "మరి తలకొరివి ఎవరు పెట్టారు?"

మనమేం తక్కువ తినలేదు. 1977లో మేనకా గాంధీ పాస్‌పోర్టు స్వాధీనం చేసుకుని, కారణం చెప్పం పొమ్మన్నారు. మనిషి వాదన వినకుండా అలా చేయడం కుదరదని 1978లో సుప్రీంకోర్టు తేల్చింది కాబట్టి ఇక్కడ కనీసం అడిగే దారుంది. అయినా విదేశాల్లో స్థిరపడిన 314 మంది సిక్కుల పేర్లు ఏళ్లతరబడి మన కేంద్రం జాబితాలో ఉండిపోయాయి. వాటిలో 312 పేర్లు తీసేసింది 2019లో.

తైవాన్‌లో 1992లో రాజద్రోహ చట్టాన్ని సవరించాక దారి తెరుచుకుంది. సర్కారును ఎదిరించి, 1970లో గృహనిర్బంధం నుంచి విదేశాలకు తప్పించుకుపోయిన ప్రొఫెసర్ పెంగ్ మింగ్-మిన్ ఆ ఏడాదే తిరిగొచ్చాడు. మావాడికి మాత్రం పేరు తీసేశామని కూడా ఎవరూ రాయలేదు. అప్పటికి అమెరికా పౌరుడయ్యాడు. వీసా స్టాంపు పడ్డాకే తెలిసింది.