నీట్ సీటు రాలేదు, కణాల గురించే చదువుతానంటోంది... ఏ కోర్సులో చేర్పించాలి?

ప్రశ్న: మాది హనుమకొండ జిల్లా పరకాల. మా అమ్మాయి ఈ ఏడాది ఇంటర్ బైపీసీ మంచి మార్కులతో పాసైంది. నీట్‌లో ఎంబీబీఎస్ సీటు వచ్చే ర్యాంకు రాలేదు. లాంగ్‌టర్మ్‌కు పంపుతామంటే వద్దంటోంది. కణం లోపల ఏం జరుగుతుంది, కణాలు ఒకదానికొకటి సంకేతాలెలా పంపుకుంటాయి, ఎలా పెరుగుతాయి, ఎందుకు చనిపోతాయి అన్నదే చదువుతానంటోంది. బీఎస్సీ బయోటెక్నాలజీలో చేర్పించమంటారా? వరంగల్‌లో చదివితే చాలా, హైదరాబాద్ పంపాలా? చివరికి ఉద్యోగం వస్తుందా?
- ఒక తండ్రి, పరకాల

జవాబు: ముందు లాంగ్‌టర్మ్ సంగతి తేల్చేద్దాం. తనకు ఇష్టం ఉండి ర్యాంకు కొద్దిలో తప్పిన పిల్లలకైతే ఇంకో ఏడాది కూర్చోవడంలో అర్థం ఉంది. వద్దని ముందే చెబుతున్న పిల్లను హాస్టల్లో పెడితే ఫీజుతో పాటు ఏడాదీ పోతుంది. పైగా మీ అమ్మాయి నోటి వెంట వచ్చినవి నాలుగూ కణజీవశాస్త్రంలోని నాలుగు పెద్ద భాగాలే: నిర్మాణం, సంకేతాలు, పెరుగుదల, మరణం. ఇంటర్ ఫస్టియర్ బాటనీలో మొదటిదీ మూడోదీ కొంత చదివి ఉంటుంది. సంకేతాలు, కణమరణం గురించి పుస్తకంలో ఉన్నది చాలా కొద్ది. వాటిని తనంతట తాను అడుగుతోందంటే నీట్ గైడు దాటి ఏదో చదివిందనే అనుకోవాలి.

ఇక కోర్సు. డిగ్రీ ప్రవేశాల వెబ్‌సైట్ దోస్త్‌లో వెబ్ ఆప్షన్లు పెట్టేటప్పుడు చాలామంది 'బయోటెక్నాలజీ' అన్న పేరు చూసి ఆగిపోతారు. మీరు చూడాల్సింది ఆ కాంబినేషన్‌లో కెమిస్ట్రీ ఉందా లేదా అని. ఎందుకో ఒక ఉదాహరణతో చెబుతాను. భయపడినప్పుడు అడ్రినలిన్ విడుదలవుతుందని ఇంటర్ జువాలజీలో ఉంటుంది. అది కాలేయ కణం పొర మీదున్న గ్రాహకానికి (సంకేతం అందుకునే ప్రోటీన్‌కు) అతుక్కోగానే గ్రాహకం ఆకారం మారుతుంది, లోపలివైపు జీ-ప్రోటీన్ మేల్కొంటుంది, అది అడినైలిల్ సైక్లేజ్ అనే ఎంజైమును నడిపిస్తుంది, ఏటీపీ నుంచి సైక్లిక్ ఏఎంపీ తయారవుతుంది, దానివల్ల ప్రోటీన్ కైనేజ్-ఏ పనిలోకి దిగి వరసగా ఇతర ఎంజైములకు ఫాస్ఫేట్ తగిలిస్తుంది, చివరికి గ్లైకోజన్ విరిగి గ్లూకోజ్ రక్తంలోకి వస్తుంది. ఇంత గొలుసులో జువాలజీ మొదటి మెట్టే, తక్కినదంతా కెమిస్ట్రీ. డిగ్రీలో కెమిస్ట్రీ వదిలేసిన పిల్లలు ఎమ్మెస్సీకి వచ్చాక తడబడేది సరిగ్గా ఇక్కడే.

కాబట్టి బాటనీ-జువాలజీ-కెమిస్ట్రీ (బీజెడ్‌సీ) గానీ, కెమిస్ట్రీతో కలిసిన బయోటెక్నాలజీ లేదా మైక్రోబయాలజీ గానీ, ఏదైనా పర్వాలేదు. నన్నడిగితే బీజెడ్‌సీకే ఒక మెట్టు ఎక్కువ వేస్తాను. కారణం చాలామంది తల్లిదండ్రులు పట్టించుకోనిది: జూనియర్ లెక్చరర్ పోస్టులు బాటనీ, జువాలజీ పేర్లతో వస్తాయి, సంబంధిత సబ్జెక్టులో పీజీ అడుగుతాయి. బయోటెక్నాలజీ పీజీతో ఆ తలుపు దాదాపు మూసుకున్నట్టే. రేపు పరిశోధన కుదరకపోతే ఎమ్మెస్సీ జువాలజీ, బీఈడీ దారులు బీజెడ్‌సీ అమ్మాయికి తెరిచే ఉంటాయి.

డిగ్రీకి హైదరాబాద్ పంపనక్కర్లేదు. హనుమకొండలో కాకతీయ ప్రభుత్వ డిగ్రీ కళాశాల, సుబేదారిలో యూనివర్సిటీ ఆర్ట్స్ అండ్ సైన్స్ కాలేజీ, వడ్డేపల్లిలో పింగిళి ప్రభుత్వ మహిళా కళాశాల ఉన్నాయి. మీకు అటువైపు దగ్గరైతే కరీంనగర్‌లో ఎస్‌ఆర్‌ఆర్ ప్రభుత్వ కళాశాల ఉంది. ఆప్షన్ పెట్టే ముందు ఒక రోజు కాలేజీకి వెళ్లి ల్యాబ్ చూడండి. ఎన్ని మైక్రోస్కోపులు పనిచేస్తున్నాయి, బ్యాచ్‌లో ఎంతమంది, ఉల్లి వేరు కొనతో కణవిభజన ప్రాక్టికల్ పిల్లలే చేస్తారా, తయారుగా ఉన్న స్లైడ్ చూపించి రికార్డు రాయిస్తారా అని అడగండి. మూడో ప్రశ్నకు వచ్చే జవాబులోనే కాలేజీ తెలిసిపోతుంది.

నిట్ వరంగల్‌లో బయోటెక్నాలజీ బీటెక్ ఉంది కదా అంటారేమో. దానికి జేఈఈ మెయిన్ రాయాలి, ఇంటర్‌లో మ్యాథ్స్ ఉండాలి, కాబట్టి బైపీసీకి కుదరదు. ఎప్‌సెట్ బైపీసీ విభాగంలో ర్యాంకు ఉంటే బయోటెక్నాలజీ బీటెక్, బీఫార్మసీ, ఫార్మ్-డీ తీసుకోవచ్చు. వీటిలో బీఫార్మసీని తేలిగ్గా తీసెయ్యకండి. మందు గ్రాహకానికి ఎలా అతుక్కుంటుంది, ఎలా అడ్డుకుంటుంది అన్నదే ఫార్మకాలజీ, అంటే కణ సంకేతాల చదువే. త్వరగా సంపాదన అవసరమున్న ఇంటికి బీఎస్సీ కన్నా అదే నయం.

కేంద్రం నడిపే సైన్స్ విద్యా పరిశోధన సంస్థలు ఐసర్ల ఐదేళ్ల బీఎస్-ఎంఎస్ ఇంకో దారి. తిరుపతి ఐసర్ 2015లో మొదలైంది. ప్రవేశ పరీక్ష ఐఏటీలో 60 ప్రశ్నలు ఉంటాయి, బయాలజీ, కెమిస్ట్రీ, ఫిజిక్స్, మ్యాథ్స్ నుంచి తలా 15. ఒప్పుకు 4 మార్కులు, తప్పుకు ఒకటి కోత. మ్యాథ్స్ లేకపోయినా బైపీసీ వాళ్లు రాయొచ్చు, కానీ ఆ 15 ప్రశ్నలు పూర్తిగా వదిలేస్తే మిగతా మూడింటిలో చాలా గట్టిగా ఉండాలి. ఈ ఏడాది గడువు దాటిపోయి ఉంటే డిగ్రీలో చేరి చదువుతూనే వచ్చే ఏడాది రాయవచ్చు. ఉత్తీర్ణత సంవత్సరం నిబంధన మాత్రం ఆ ఏటి నోటిఫికేషన్‌లో చూసుకోండి.

ఇప్పుడు అసలు పని ఎలా ఉంటుందో మీ అమ్మాయి, మీరు ఇద్దరూ తెలుసుకోవాలి. కణాల చదువంటే బొమ్మలు గీసి భాగాలు గుర్తించడం అనుకుని వచ్చి నీరసపడేవాళ్లు ఎక్కువ. ల్యాబ్‌లో జంతు కణాలను 37 డిగ్రీల దగ్గర, 5 శాతం కార్బన్ డయాక్సైడ్ ఉన్న ఇంక్యుబేటర్‌లో, సాధారణంగా 10 శాతం సీరం (రక్తం నుంచి తీసిన ద్రవం) కలిపిన మీడియంలో, అంటే పోషక ద్రవంలో పెంచుతారు. ఫ్లాస్కు అడుగు 70-80 శాతం నిండగానే వాటిని లేపి కొత్త ఫ్లాస్కుకు మార్చాలి. పాత మీడియం తీసేసి, పీబీఎస్ అనే ఉప్పు ద్రావణంతో కడిగి, కణాలను అడుగు నుంచి విడదీసే ట్రిప్సిన్-ఈడీటీఏ వేసి రెండు మూడు నిమిషాలు ఉంచుతారు. కొత్తవాళ్లు కడగడం మానేస్తారు. మిగిలిన సీరం ట్రిప్సిన్‌ను పనిచేయనివ్వదు, కణాలు లేవవు, ఇంకాసేపు ఉంచుదామని పదిహేను నిమిషాలు వదిలేస్తారు, అప్పుడు కణాల పొరే దెబ్బతింటుంది.

లేచిన కణాలను లెక్కపెట్టాలి. ట్రిపాన్ బ్లూ అనే రంగు సమానంగా కలిపి హీమోసైటోమీటర్ అనే గడుల గాజుపలకలో వేస్తారు. చచ్చిన కణం నీలమవుతుంది, బతికింది తెల్లగా ఉంటుంది. నాలుగు మూల గడుల్లో బతికినవి 42, 38, 45, 35 వచ్చాయనుకోండి. మొత్తం 160, సగటు 40. రంగు సగానికి సగం కలిపాం కాబట్టి 2తో, గడి ఘనపరిమాణాన్ని బట్టి 10,000తో గుణిస్తే మిల్లీలీటరుకు 8 లక్షల కణాలు. అవే గడుల్లో నీలం కణాలు 16 ఉంటే బతికినవి 176లో 160, అంటే దాదాపు 91 శాతం. కొత్త ఫ్లాస్కులో 4 లక్షల కణాలు వేయాలంటే అర మిల్లీలీటరు తీసుకుని 4.5 మిల్లీలీటర్ల మీడియంలో కలపాలి. లెక్క ఇంతే, ఆరో తరగతి గుణకారం. అయినా తప్పులు వస్తాయి: కణాలు సరిగ్గా విడదీయక గుంపులుగా ఉండటం, గడి గీత మీద పడ్డవాటిని నాలుగు వైపులా లెక్కించడం (రెండు వైపులవే లెక్కించాలి), రంగు కలిపి టీకి వెళ్లి రావడం. ఎక్కువసేపు ఉంచితే బతికినవీ నీలం పీల్చుకుంటాయి.

కలుషితం ఇంకో తలనొప్పి. బాక్టీరియా పడితే ఒక్క రోజులో మీడియం పసుపు తిరిగి మసకబారుతుంది, చూసి పారేయొచ్చు. మైకోప్లాస్మా అనే అతి చిన్న బాక్టీరియా పడితే కంటికి ఏమీ కనబడదు. దానికి కణకుడ్యం లేదు కాబట్టి పెన్సిలిన్ ఏమీ చేయలేదు. కణాలు మాత్రం నెమ్మదిస్తాయి, ఫలితాలు పిచ్చిగా వస్తాయి. అందుకే మంచి ల్యాబుల్లో డీఎన్‌ఏను పట్టే పీసీఆర్‌తో తరచూ పరీక్షిస్తారు.

కణమరణం గురించి అడిగింది కాబట్టి అది కూడా. అపోప్టోసిస్ అంటే కణం ఒక క్రమంలో తనను తాను ముగించుకోవడం. సీ. ఎలిగాన్స్ అనే చిన్న పురుగు ఎదిగే క్రమంలో పుట్టే 1,090 దేహకణాల్లో 131 ఇలా పోతాయి, ప్రతి పురుగులోనూ అవే. ఆ దారి కనిపెట్టినవాళ్లకు 2002లో నోబెల్ వచ్చింది. ల్యాబ్‌లో దీన్ని గుర్తించేది ఇలా: చావు మొదలైన కణం పొర లోపలివైపు ఉండే ఫాస్ఫాటిడైల్ సెరీన్ అనే కొవ్వు పదార్థం బయటివైపుకు వస్తుంది, అనెక్సిన్-5 అనే ప్రోటీన్ దానికి అతుక్కుంటుంది. అతుక్కోవాలంటే కాల్షియం కావాలి. ట్రిప్సిన్‌తో పాటు వేసిన ఈడీటీఏ కడగకుండా మిగిలిపోతే కాల్షియాన్ని పట్టేసుకుంటుంది, అప్పుడు చచ్చే కణాలున్నా ఏమీ లేనట్టు కనబడుతుంది. కిట్టు పాడైందని కంపెనీకి ఫోన్ చేసేవాళ్లకు తెలియనిది ఇంటర్‌లో చదివిన కెమిస్ట్రీనే.

ఇవన్నీ చదివి మీ అమ్మాయికి 'ఇలాంటి పని చేస్తాను' అనిపిస్తే నిశ్చింతగా పంపండి. గంటలకొద్దీ నిలబడి ఒకే పని పదేపదే చేయాలి, ఆదివారమైనా కణాలకు మీడియం మార్చాలి అన్న మాట కూడా చెప్పే పంపండి.

ఉద్యోగాలు ఎక్కడున్నాయంటే, శామీర్‌పేట వైపు జీనోమ్ వ్యాలీలో టీకాలు, జీవ ఔషధాల కంపెనీలున్నాయి. కోవాగ్జిన్ వైరస్‌ను పెంచింది వీరో కణాల్లో (కోతి మూత్రపిండం నుంచి వచ్చినవి). 1997లో శాంతా బయోటెక్నిక్స్ తెచ్చిన హెపటైటిస్-బి టీకా తయారైంది ఈస్ట్ కణాల్లో. ఇలాంటి చోట్ల కణాలను బయోరియాక్టర్లలో పెంచే విభాగం, ఉత్పత్తిని శుద్ధిచేసే విభాగం, క్వాలిటీ కంట్రోల్ ఉంటాయి. ఉత్పత్తి విభాగాల్లో షిఫ్టులు తప్పవు. ఎమ్మెస్సీతో ప్రవేశం దొరుకుతుంది, వట్టి బీఎస్సీతో పైకి ఎదగడం నెమ్మది.

డయాగ్నొస్టిక్ ల్యాబుల్లో సైటోజెనెటిక్స్ (క్రోమోజోముల పరీక్ష) పని ఉంటుంది. రక్తంలోని లింఫోసైట్లను 72 గంటలు పెంచి, కోల్సెమిడ్ అనే మందుతో కణవిభజనను మధ్యలో, మెటాఫేజ్ దగ్గర ఆపి, 0.075 మోలార్ పొటాషియం క్లోరైడ్‌లో ఉబ్బించి, ఫిక్స్ చేసి, జీమ్సా రంగువేసి క్రోమోజోములు లెక్కిస్తారు. ఉబ్బించడం తక్కువైతే క్రోమోజోములు ఒకదాని మీద ఒకటి పడి ఉంటాయి. ఎక్కువైతే కణం పగిలి 46 ఉండాల్సినచోట 44 కనబడతాయి, మంచి మనిషికి జబ్బు రాసిచ్చినట్టవుతుంది. చెయ్యి కుదిరినవాళ్లకు ఈ రంగంలో విలువ ఉంది.

సంతాన సాఫల్య కేంద్రాల్లో ఎంబ్రియాలజిస్టు ఉద్యోగమూ కణాల పనే. 2021 ఏఆర్‌టీ (సంతాన సాఫల్య చికిత్సల) చట్టం వచ్చాక అర్హతలకు నిబంధనలు ఉన్నాయి. కొద్ది నెలల సర్టిఫికెట్ కోర్సు చూపించి 'ఎంబ్రియాలజిస్టు అయిపోతారు' అనేవారిని ఆ నిబంధన చూపించమని అడగండి.

పరిశోధన అయితే లెక్క వేరు. మూడేళ్ల డిగ్రీ, రెండేళ్ల ఎమ్మెస్సీ, దాదాపు ఐదారేళ్ల పీహెచ్‌డీ. ఎమ్మెస్సీకి కాకతీయ, ఉస్మానియా యూనివర్సిటీల్లో సీటుకు సీపీగెట్, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీకి సీయూఈటీ-పీజీ, అక్కడి బయోటెక్నాలజీకి గాట్-బీ, ఐఐటీలకు జామ్ రాయాలి. ఈ దశలో మాత్రం బయటికి పంపండి. ఎమ్మెస్సీ ఆఖరులో పరిశోధన ఫెలోషిప్ కోసం రాసే సీఎస్‌ఐఆర్ నెట్ లైఫ్ సైన్సెస్ ఉంటుంది: 200 మార్కులు, మూడు గంటలు. పార్ట్-సీలో 75 ప్రశ్నల్లో 25 రాస్తే చాలు, ఒక్కోటి 4 మార్కులు, అన్నీ ప్రయోగాల మీద ఆలోచించి రాయాల్సినవే. సిలబస్‌లోని 13 యూనిట్లలో రెండోది కణ నిర్మాణం, నాలుగోది కణ సంకేతాలు. ప్రశ్నపత్రం హిందీ, ఇంగ్లిష్‌లలోనే ఉంటుంది కాబట్టి డిగ్రీ మొదటి ఏడాది నుంచే ఇంగ్లిష్‌లో చదవడం అలవాటు చేయండి. అందులో జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే 2023 జనవరి నుంచి అమల్లోకి వచ్చిన రేటు ప్రకారం మొదటి రెండేళ్లు నెలకు 37,000, తర్వాత 42,000 రూపాయలు, ఇంటి అద్దె భత్యం అదనం. 1977లో మొదలైన హబ్సిగూడలోని కణ, అణుజీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ లాంటి చోట పీహెచ్‌డీకి ఇలాంటి ఫెలోషిప్పే ఆధారం. ఎమ్మెస్సీ తర్వాత రెండేళ్లు గట్టిగా ప్రయత్నించినా జేఆర్‌ఎఫ్ రాకపోతే కంపెనీ వైపో, బోధన వైపో తిరగడం మంచిది. ముప్పై దాటేదాకా కోచింగ్ గదుల్లో ఉండిపోయినవాళ్లు తక్కువేం లేరు.

డిగ్రీ మూడేళ్లలో చేయాల్సినవి రెండున్నాయి. ఒకటి మ్యాథ్స్. లాగరిథమ్‌లు, ఘాతాలు, సగటు, ప్రామాణిక విచలనం వరకు రావాలి. 4 లక్షల కణాలు 48 గంటల్లో 16 లక్షలైతే రెట్టింపుకు ఎంత సమయం పట్టిందో (24 గంటలు) నోటితో చెప్పగలగాలి. రెండోది, సైన్స్ అకాడమీలు ఇచ్చే రెండు నెలల సమ్మర్ రీసెర్చ్ ఫెలోషిప్. దరఖాస్తులు వేసవికి చాలా ముందే, చలికాలంలోనే ముగుస్తాయి. సెప్టెంబరు 26 సీఎస్‌ఐఆర్ స్థాపక దినం చుట్టుపక్కల సీసీఎంబీలో ఓపెన్ డే పెడుతుంటారు, ముందు తేదీ కనుక్కుని కాజీపేటలో రైలెక్కించండి.

డిగ్రీ అవుతుండగానే 'సెల్ కల్చర్ ట్రైనింగ్, ప్లేస్‌మెంట్ గ్యారంటీ' అంటూ ప్రైవేటు సంస్థల ఫోన్లు వస్తాయి. ఫీజు కట్టే ముందు మూడే అడగండి. ఒక్కో విద్యార్థి సొంతంగా ఎన్నిసార్లు కణాలను ఒక ఫ్లాస్కు నుంచి ఇంకో ఫ్లాస్కుకు మారుస్తారు? కణాలను ద్రవ నైట్రోజన్‌లో దాచి, తిరిగి తీసి బతికించడం చేయిస్తారా? ఒక బయోసేఫ్టీ క్యాబినెట్‌కు ఎంతమంది? మొదటి ప్రశ్నకు 'డెమో చూపిస్తాం' అన్నారంటే ఫోన్ పెట్టేయండి.