చుక్క ఫైళ్లను తొలగించే ముందు

చిరంజీవికి,

అందరూ వాడే ఫోల్డర్ బాధ్యత నీకు అప్పగించారనీ, అందులో ఎవరూ పెట్టని ఫైళ్లు రోజూ పుట్టుకొస్తున్నాయనీ రాశావు. వైరస్ అని కంగారు పడకు. మ్యాక్, విండోస్, లినక్స్ ఒకే ఫోల్డర్‌ను వాడుకునే ప్రతిచోటా జరిగేదే ఇది. అయితే అన్నింటినీ ఒక్క కమాండ్‌తో తుడిచేస్తానన్నావు చూడు, ఆ పని మాత్రం ఇప్పుడే చేయకు. వాటిలో చెత్తే ఎక్కువ, కానీ అంతా చెత్త కాదు.

మ్యాక్‌లో, లినక్స్‌లో పేరు చుక్కతో మొదలైతే చాలు, ఆ ఫైలు దాగిపోతుంది. విండోస్ చుక్కను పట్టించుకోదు, ఫైలుకు ‘హిడెన్’ అనే గుర్తు విడిగా ఉండాలి. అందుకే మ్యాక్ దాచిన ఫైలు విండోస్‌లో చాలాసార్లు బయటపడుతుంది, విండోస్ దాచిన ‘థంబ్స్ డాట్ డీబీ’ అనే ఫైలు లినక్స్‌లో కనిపిస్తుంది. ఎవరి తెర మీద వారు పెట్టిన చెత్త వారికి కనిపించదు కాబట్టి ఒకరి మీద ఒకరు ఫిర్యాదు చేస్తారు. ఎవరినీ తప్పుపట్టకు.

‘డాట్ డీఎస్ స్టోర్’ను నిశ్చింతగా తీసేయవచ్చు. ఫోల్డర్‌లో ఐకాన్లు ఎక్కడున్నాయి, కిటికీ ఎంత పెద్దది వంటివి మ్యాక్‌లో ఫైళ్లను చూపించే ఫైండర్ అనే ప్రోగ్రామ్ అందులో రాసుకుంటుంది. పోతే ఆ అమరికే పోతుంది. విండోస్ ‘డెస్క్‌టాప్ డాట్ ఐఎన్‌ఐ’ కూడా దాదాపు అలాంటిదే. థంబ్స్ డాట్ డీబీలో బొమ్మల చిన్న నమూనాలు ఉంటాయి. 2007లో వచ్చిన విస్టా నుంచి విండోస్ వాటిని యూజర్ ప్రొఫైల్‌లోనే దాచుకుంటోంది కానీ, నెట్‌వర్క్ ఫోల్డర్లలో ఇప్పటికీ అక్కడికక్కడే రాస్తుంది. ఖాళీ ఫోల్డర్‌ను తొలగించబోతే ‘వాడుకలో ఉంది’ అని విండోస్ మొరాయిస్తే ముందు దీన్నే అనుమానించు. అసలు ఫొటోను తీసేసినా దాని నమూనా ఇందులో మిగిలిపోవచ్చు. అందుకని ఫోల్డర్‌ను బయటివారికి ఇచ్చేటప్పుడు దీన్ని తప్పక తీసేయాలి.

అసలు జాగ్రత్త కావలసింది చుక్క, అండర్‌స్కోర్‌తో మొదలయ్యే ఫైళ్ల దగ్గర. ‘నివేదిక’ అనే ఫైలు పక్కన అదే పేరుకు ముందు ఈ రెండు గుర్తులు తగిలించుకొని, సాధారణంగా 4 కేబీల జంట ఫైలు ఒకటి కూర్చుని ఉంటుంది. డబుల్ క్లిక్ చేస్తే తెరుచుకోదు. దాంతో నివేదిక పాడైందని నీకు ఫోన్లు వస్తాయి. జరిగేది ఇది: మ్యాక్ తన డిస్క్ మీద ప్రతి ఫైలుకూ అదనపు సమాచారం అంటిపెట్టి ఉంచగలదు. రంగు ట్యాగులు, ఏ సైటు నుంచి దిగిందన్న వివరం, పాతకాలపు రిసోర్స్ ఫోర్క్ (ఫైలుకు అంటుకుని ఉండే రెండో భాగం) అన్నీ అందులోకే వస్తాయి. ఫ్యాట్32, ఎక్స్‌ఫ్యాట్ పద్ధతిలో అమర్చిన పెన్‌డ్రైవ్‌లలో, కొన్ని నెట్‌వర్క్ ఫోల్డర్లలో దానికి చోటు లేదు. కాబట్టి మ్యాక్ ఆ సమాచారాన్ని విడదీసి జంట ఫైలుగా రాస్తుంది.

ఇప్పటి డాక్యుమెంట్లకు ఆ జంట పోయినా పెద్ద నష్టం ఉండదు. పాత మ్యాక్ ఫాంట్ల సంగతి వేరు. వాటిలో చాలా వాటికి అసలు ఫైలు సున్నా బైట్లు, సరుకంతా రిసోర్స్ ఫోర్క్‌లోనే ఉంటుంది. జంటను తుడిచేశావా, చేతిలో మిగిలేది పేరు మాత్రమే. సున్నా బైట్ల ఫైలు, దాని పక్కనే బరువైన జంట కనిపిస్తే రెండింటినీ ముట్టుకోకు. తరలించాల్సి వస్తే కలిపే తరలించు. మ్యాక్‌లో ‘డాట్ క్లీన్’ అనే కమాండ్ ఈ జంటలను తిరిగి అసలు ఫైళ్లలో కలపగలదు. తొలగించడం కన్నా అదే మేలు.

రోజూ ఊడ్చడం కన్నా పుట్టుకను ఆపడం తేలిక. నెట్‌వర్క్ ఫోల్డర్లలో డాట్ డీఎస్ స్టోర్ రాయవద్దని మ్యాక్‌కు టెర్మినల్‌లో (కమాండ్లు టైపు చేసే కిటికీలో) ‘డిఫాల్ట్స్’ కమాండ్‌తో చెప్పవచ్చు. ప్రతి మ్యాక్‌లో, ప్రతి యూజర్‌కూ విడిగా చేయాలి. అయితే అది జంట ఫైళ్లను ఆపదు. మీ సర్వర్‌లో సాంబా (లినక్స్ సర్వర్ ఫోల్డర్లను విండోస్, మ్యాక్‌లకు అందించే ప్రోగ్రామ్) ఉంటే అందులో మ్యాక్ కోసం ఉన్న ‘ఫ్రూట్’ మాడ్యూల్ పెట్టించు, సరిగ్గా అమర్చితే ఆ అదనపు సమాచారం జంట ఫైళ్లుగా విడిపోకుండా అసలు ఫైలుతోనే ఉంటుంది. చాలామంది తొందరపడి ‘వీటో ఫైల్స్’ అనే సాంబా నిషేధ జాబితాలో ఈ పేర్లన్నీ రాసేస్తారు. నాకది నచ్చదు. వాటిని నిషేధించినంత మాత్రాన ఉన్నవి పోవు, కనిపించడం మానేస్తాయి. అప్పుడు ఖాళీగా కనిపించే ఫోల్డర్ కూడా తొలగదు. ‘డిలీట్ వీటో ఫైల్స్’ అనే మరో అమరిక కూడా పెడితే తప్ప ఆ ముడి వీడదు.

పెన్‌డ్రైవ్ నిండిపోయిందని, ఫైళ్లేమో కనిపించడం లేదని ఎవరైనా వస్తే ‘డాట్ ట్రాషెస్’ అనే దాగిన ఫోల్డర్ చూడు. మ్యాక్‌లో తొలగించినవి చెత్తబుట్ట ఖాళీ చేసేదాకా ఆ డ్రైవ్‌లోనే ఉంటాయి. లినక్స్‌లో దాదాపు ఇలాగే ‘డాట్ ట్రాష్’ పక్కన యూజర్ సంఖ్య, తరచుగా 1000, కనిపిస్తుంది. యజమానిని అడగకుండా వీటిని ఖాళీ చేయకు, తిరిగి కావాలనుకునే ఫైలు అందులో ఉండవచ్చు.

వెబ్‌సైట్ ఫైళ్లు కూడా ఈ ఫోల్డర్ నుంచే సర్వర్‌కు ఎక్కిస్తారని రాశావు కదా, అక్కడ మాత్రం ఆలస్యం వద్దు. డాట్ డీఎస్ స్టోర్‌లో ఫోల్డర్‌లోని ఫైళ్ల పేర్లు ఉంటాయి. అది వెబ్ సర్వర్ మీదికి వెళ్లిందంటే, లింకు ఇవ్వని ఫైళ్ల పేర్లు కూడా బయటివారి చేతికి చిక్కుతాయి. ఈ రోజే అక్కడ వెతికి తీసేయి. ఎక్కించే ప్రోగ్రామ్‌లో దాన్ని వదిలేసే నియమం కూడా పెట్టు.

మిగతా శుభ్రం వారం ఆగినా ఫరవాలేదు. ఈలోగా సున్నా బైట్ల ఫైళ్ల జాబితా తీసి నాకు పంపు, కలిసి చూద్దాం.

ఆశీస్సులతో,
నీ బాబాయి