మెలిక ఎటు తిరగాలి?

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

బడిలో వైజ్ఞానిక ప్రదర్శనకు పిల్లలతో డీఎన్ఏ నమూనా కట్టిస్తున్నావని నిన్న మీ అమ్మ ఫోనులో చెప్పింది. సంతోషం పట్టలేకపోయాను, ఇన్నేళ్లు అదే పాఠం చెప్పిన నాతో ఒక్క మాటైనా అనలేదేమని కోపమూ వచ్చింది.

డీఎన్ఏ అంటే మెలితిరిగిన నిచ్చెనే గదా, కొలతలు తేలికే. ఒక ఆంగ్‌స్ట్రామ్‌ను (అణువులను కొలిచే అతి చిన్న కొలత) సెంటీమీటరుగా తీసుకుంటే వెడల్పు 20, మెట్టుకూ మెట్టుకూ నడుమ 3.4, పది మెట్లకు ఒక చుట్టు, అంటే 34 సెంటీమీటర్లు. మెట్లుగా జతకట్టే అడెనిన్‌, థైమిన్‌ల మధ్య బంధాలుగా రెండు పుల్లలు, గ్వానిన్‌, సైటోసిన్‌ల మధ్య మూడు. నిచ్చెన కమ్ముల్లాంటి గొలుసులు రెండూ ఎదురెదురు దిశల్లో నడవాలి. పక్కన పెట్టే, డీఎన్ఏకు బంధువైన ఆర్‌ఎన్‌ఏకు ఒకే గొలుసు చాలు, థైమిన్ చోట యురాసిల్ ఉండాలి.

ఇక మెలిక. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఇనుప తీగకు థర్మోకోల్ బంతులు గుచ్చి నిలువెత్తు నమూనా కట్టాను. మూడేళ్లపాటు అది ప్రయోగశాల కిటికీ పక్కన నిలబడితే, వచ్చిన వారందరికీ గర్వంగా చూపించేవాణ్ణి. ఒకనాడు సైకిల్ షాపు ఆయన కూతురు, తొమ్మిదో తరగతి పిల్ల, ఒక బోల్టు తెచ్చి దాని పక్కన నిలబెట్టి, "మర ఇటు ఎక్కుతుంది గదా సార్, మీది అటు ఎక్కుతోందేం?" అని అడిగింది. పుస్తకం తీసి చూస్తే బొమ్మలోనిది ఆ బోల్టు లాగే కుడి మెలిక. నిలబెట్టడంలో పొరపాటు జరిగిందేమోనన్న ఆశతో ఆ పిల్ల ఎదుటే నమూనాను తలకిందులు చేశాను. "బోల్టునూ అలా తిప్పి చూశాను సార్, మారదు" అంది. తిరిగి కట్టే ఓపిక లేక దాన్ని బీరువా వెనక దాచేశాను. ఎడమ మెలిక ఉన్న జెడ్-డీఎన్ఏ ఒకటుందని తరువాత చదివాను గాని, దాని ఆకారమే వేరు, నాకది సాకు కాదు. ఆ మూడేళ్లలో చదువుకుని వెళ్లిన పిల్లలకు దిద్ది చెప్పే వీలు ఇప్పటికీ దొరకలేదమ్మా. నీకు అలాంటిది మిగలకూడదనే నా భయమంతా.

డీఎన్ఏ ఆకారాన్ని కనిపెట్టిన వాట్సన్, క్రిక్ 1951లో కట్టిన మొదటి నమూనా కూడా తప్పే. మూడు గొలుసులు, బయట ఉండాల్సిన ఫాస్ఫేట్లు లోపల. లండన్ కింగ్స్ కాలేజీ నుంచి వచ్చి చూసిన శాస్త్రవేత్త రోజాలిండ్ ఫ్రాంక్లిన్ అది నిలవదని అక్కడే చెప్పింది. 1952లో ఆమె పర్యవేక్షణలో గోస్లింగ్ తీసిన డీఎన్ఏ ఎక్స్-రే చిత్రాన్ని ఆమెకు తెలియకుండానే వాట్సన్‌కు చూపించారు; 1953లో సరైన నమూనా వెలువడింది. 1962లో దానికి నోబెల్ ఇచ్చేనాటికి ఆమె చనిపోయి నాలుగేళ్లు. పిల్లలు చార్టు మీద ఇద్దరి పేర్లే వ్రాస్తారు, కనిపెట్టి ఉండి ఆమె పేరూ వ్రాయించు.

తీగ వంచే ముందు బల్ల మీద ఒక బోల్టు పెట్టుకో. పూర్తయ్యాక ఫోటో పంపు. సెల్ఫీ కెమెరాతో మాత్రం తీయకు, కొన్ని ఫోన్లలో కుడి ఎడమవుతుంది; ఇక్కడ నా గుండె ఆగిపోగలదు.

నీ మామయ్య