తాతయ్య డిస్కు బీరువాలోనే ఉండనీ

అమ్మలూ,

కొత్త కంప్యూటరు విడిభాగాలు తెప్పించుకుని నువ్వే బిగించుకుంటున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. పర్లాకిమిడిలో మన ఇంటి పిల్ల మదర్‌బోర్డు ముందేసుకుని కూర్చుందంటే బరంపురంలో నా ఛాతీ పొంగింది. ఆ వెంటనే ఆవిడ, "కొత్త డిస్కు కనబడటం లేదంట, పాత సిపియులోంచి తాతయ్య డిస్కు పీకి తగిలించి చూస్తుందంట" అంది. అక్కడ నా గుండె జల్లుమంది. ఈ ఉత్తరం పూర్తిగా చదివేదాకా ఆ పాత డిస్కు ముట్టుకోకు.

కొత్త ఎస్‌ఎస్‌డి, అదే నువ్వు కొన్న చిప్పుల డిస్కు, దాని సంగతి ముందు చూద్దాం. ఆన్ చేయగానే డిలీట్ కీ గానీ ఎఫ్2 గానీ నొక్కి బయోస్‌లోకి, అంటే విండోస్ కంటే ముందు వచ్చే బోర్డు సెట్టింగుల తెరలోకి, వెళ్లు. స్టోరేజ్ పేజీలో దాని పేరు ఉందా? లేకపోతే లోపం బిగింపులోనో, స్లాటులోనో, డిస్కులోనో ఉన్నట్టు. అక్కడ కనబడి విండోస్ ఇన్‌స్టాలర్‌లో కనబడకపోతే అది డ్రైవర్ గొడవ. ఏ చోట మాయమైందో తెలుసుకోకుండా స్క్రూలు విప్పకు.

బయోస్‌లోనే లేదనుకో. ప్లగ్ పీకి, పవర్ బటన్ కొన్ని సెకన్లు నొక్కి పట్టుకుని, తర్వాత లోపల చెయ్యి పెట్టు. ఎం.2 కార్డు, అంటే బోర్డు మీద పడుకోబెట్టి బిగించే ఆ సన్నటి ఎస్‌ఎస్‌డి, తీసి లేబుల్ చదువు. ఎన్‌విఎంఈ అనో పీసీఐఈ అనో ఉందా, సాటా అని ఉందా? డిస్కు బోర్డుతో మాట్లాడే రెండు వేర్వేరు పద్ధతులవి. రెండూ ఒకే కొలత, 22 మిల్లీమీటర్ల వెడల్పు, 80 పొడవు. పీసీఐఈ మాత్రమే పలికే స్లాటులో సాటా కార్డు కూడా చక్కగా దూరుతుంది, స్క్రూ కూడా పడుతుంది, కానీ ఎన్నాళ్లు కూర్చున్నా కనబడదు. కార్డు స్లాటులోకి దూరే బంగారు రంగు అంచు మీద ఒక గాటుంటే ఎన్‌విఎంఈ, రెండుంటే సాటా అని చాలామంది చెప్తారు. అది ఎప్పుడూ నిజం కాదు, లేబులే నమ్ము. కార్డును సుమారు 30 డిగ్రీల వాలులో పూర్తిగా లోపలికి నెట్టి, అప్పుడు వంచి స్క్రూ బిగించు. స్క్రూ కింద ఉండాల్సిన చిన్న ఇత్తడి దిమ్మె సరైన రంధ్రంలో లేకపోతే కార్డు వంగి కాంటాక్టు తప్పుతుంది.

నీ ప్రాసెసర్ ఏ తరందో మీ అమ్మ చెప్పలేకపోయింది. ఇంటెల్ 10వ తరం ప్రాసెసర్‌ను బి560 లాంటి బోర్డు మీద పెట్టి ఉంటే, పైన ప్రాసెసర్ పక్కనున్న ఎం.2 స్లాటు పనిచేయదు. దానికి దారులు 11వ తరం ప్రాసెసర్ నుంచే వస్తాయి. అప్పుడు కార్డును కింది స్లాటుకి మార్చు. డిస్కు చెడిపోయిందని షాపుకి వెనక్కి తీసుకెళ్లిన వాళ్లలో ఇలాంటివాళ్లు ఉన్నారు. ఇంకో సంగతి, కొన్ని బోర్డుల్లో ఒక ఎం.2 స్లాటు నిండితే ఒకటో రెండో సాటా పోర్టులు మూగబోతాయి. ఏవో మాన్యువల్లో పట్టిక ఉంటుంది, చూసుకో.

విండోస్ ఇన్‌స్టాలర్‌లో మాత్రమే కనబడకపోతే, 11వ తరం నుంచి ఇంటెల్ బోర్డుల్లో వీఎండీ అనే బయోస్ సెట్టింగ్ ఆన్‌లో ఉండొచ్చు, అప్పుడు దాని డ్రైవర్ లేనిదే ఇన్‌స్టాలర్‌కి డిస్కు కనబడదు. బోర్డు కంపెనీ సైటు నుంచి ఇంటెల్ ఆర్‌ఎస్‌టీ డ్రైవర్ దించి, జిప్ విప్పి, పెన్‌డ్రైవ్‌లో పెట్టి, 'లోడ్ డ్రైవర్' నొక్కి చూపించు. లేదంటే ఇన్‌స్టాల్ చేయకముందే వీఎండీ ఆపెయ్. విండోస్ ఎక్కాక మాత్రం దాన్ని కదపకు, నీలం తెర వచ్చి మళ్లీ బూట్ కాదు.

ఇప్పుడు తాతయ్య డిస్కు. తిత్లీ తుపానుకి, 2018 అక్టోబరులో, మన ఆల్బమ్‌లన్నీ నాని ముద్దయిపోయాయి కదా. అమ్మమ్మ పెళ్లి ఫోటోలు, తాతయ్య గొంతులో భజనలు ఇప్పుడు ఆ ఒక్క డిస్కులోనే ఉన్నాయి. నేను కోప్పడుతున్నానని అనుకోకు, దానికి రెండో కాపీ లేదన్నదే నా భయం.

ఇక్కడ పెళ్లి ఫోటోలు తీసే ఒకాయన కొత్త మిషను కట్టించుకుని పాత డిస్కు తగిలించాడు. డిస్కు మేనేజ్‌మెంట్ తెరవగానే 'ఇనిషియలైజ్ చెయ్యాలి' అని చిన్న పెట్టె వచ్చింది. కొత్త డిస్కుకి ఓకే నొక్కినట్టే దీనికీ నొక్కాడు. అసలు లోపం వదులుగా ఉన్న సాటా కేబులు, అందుకే విండోస్‌కి పాత విభజన పట్టిక, అంటే డిస్కులో ఏ భాగం ఎక్కడుందో చెప్పే జాబితా, చదవడం కుదరలేదు. ఓకే నొక్కగానే ఆ పట్టిక మీద కొత్త ఖాళీ పట్టిక రాసేసింది. అక్కడ ఆగి ఉంటే టెస్ట్‌డిస్క్ లాంటి సాఫ్ట్‌వేర్‌తో పాత విభజనలు తిరిగి దొరికేవి. ఆయన కంగారులో న్యూ వాల్యూమ్ చేశాడు, ఫార్మాట్ చేశాడు, పనిచేస్తుందో లేదో చూద్దామని సినిమాలు కాపీ చేశాడు. ఏ ఫైలు మీద కొత్తది పడిందో అది ఇక ఎవరి వల్లా రాదు. కొన్ని కుటుంబాల పెళ్లిళ్లు అలా పోయాయి.

కొత్త ఖాళీ డిస్కుకి ఇనిషియలైజ్ తప్పనిసరి. విభజన పట్టిక రకాల్లో జీపీటీ ఎంచుకో, పాత రకం ఎంబీఆర్ అయితే 2 టీబీ దాటిన చోటు వాడుకోలేవు. పాత డిస్కుకి మాత్రం ఆ పెట్టె వచ్చినా, 'ఫార్మాట్ చెయ్యాలి' అని అడిగినా, క్యాన్సిల్. వెంటనే షట్‌డౌన్ చేసి కేబులు మార్చి, ఇంకో పోర్టులో పెట్టి చూడు. విభజనలు కనబడుతూ డి, ఈ లాంటి డ్రైవ్ అక్షరం మాత్రం లేకపోతే, డ్రైవ్ లెటర్ ఇస్తే చాలు, డేటాకి ఏమీ కాదు. సైజు సున్నా అనో తప్పుగానో చూపిస్తే అది విండోస్ తీర్చేది కాదు. డిస్కు లోపాలు సరిచేసే విండోస్ చెక్‌డిస్క్ నడపకు.

విండోస్ ఎక్కించేటప్పుడు ఆ డిస్కు అసలు తగిలి ఉండకూడదు. రెండు డిస్కులుంటే పొరపాటున ఒకదాని బదులు ఇంకొకటి చెరిపేయడం చిటికెలో పని. బూట్ భాగం వెళ్లి పాత డిస్కు మీద కూర్చోవడం కూడా ఉంది. దాన్ని చదవడానికి బయోస్‌లో సీఎస్‌ఎం అనే పాతకాలం బూట్ సెట్టింగ్ ఆన్ చేయమని ఎవరైనా చెప్తే వినకు. పాత విండోస్‌ని బూట్ చేయాలంటేనే అది కావాలి, ఫైళ్లు చదవడానికి అక్కర్లేదు.

తగిలించే రోజు పాత ఎస్‌ఎంపీఎస్ (కరెంటు ఇచ్చే డబ్బా) కేబులు కొత్తదానికి పెట్టకు. కేబుళ్లు విడిగా ఊడొచ్చే మాడ్యులర్ ఎస్‌ఎంపీఎస్‌ల్లో ప్లగ్గు ఒకేలా దూరినా లోపలి తీగల వరస కంపెనీకో రకం. 5 వోల్టులు వెళ్లాల్సిన చోట 12 వెళ్తే డిస్కు బోర్డు క్షణంలో కాలిపోతుంది. కొత్త ఎస్‌ఎంపీఎస్‌తో పాటు వచ్చిన కేబులే వాడు. యూఎస్‌బీ కేబులుతో చూద్దామనుకుంటే, తాతయ్యది 3.5 అంగుళాల డిస్కు, దానికి విడిగా 12 వోల్టుల అడాప్టర్ ఉంటేగానీ తిరగదు. కనబడలేదని బెంగపెట్టుకుని ఇంకేవో నొక్కకు.

కనబడగానే ముందు డిస్కు ఆరోగ్యం చెప్పే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో సాఫ్ట్‌వేర్‌లో చూడు. పెండింగ్ సెక్టార్లు, అంటే చదవడానికి మొరాయిస్తున్న చోట్లు, సున్నా అయితే ఫోటోలు, భజనల ఫోల్డర్లు ముందు కొత్త ఎక్స్‌టర్నల్ డిస్కులోకి కాపీ చెయ్, యూపీఎస్ మీద పెట్టి. పసుపు రంగులో హెచ్చరిక వచ్చినా, టిక్ టిక్ శబ్దం వినిపించినా వెంటనే ఆపెయ్. ఇంకోసారి ఆన్ చెయ్యకు. యాంటీ స్టాటిక్ కవర్లో పెట్టి, చుట్టూ మెత్తటి గుడ్డ చుట్టి, బస్సులో ఒళ్లో పెట్టుకుని బరంపురం తీసుకురా. చెడుతున్న డిస్కుల్ని నకలు తీసే డీడీరెస్క్యూ సాఫ్ట్‌వేర్‌తో పూర్తి నకలు తీసి, ఆ నకలు మీద పని చేద్దాం. అత్త నీ కోసం ఉలవచారు పెడతానంటోంది.

ఈలోగా ఎస్‌ఎస్‌డి లేబుల్, బోర్డు మోడల్, బయోస్ స్టోరేజ్ పేజీ, మూడింటికీ ఫోటోలు తీసి వాట్సాప్‌లో పంపు.

మీ మావయ్య