పేరులేని మొక్క పిల్లలకు పేరు పెట్టవచ్చా?

ప్రశ్న: నర్సరీలో కొన్న రెండు ఫెలనాప్సిస్ ఆర్కిడ్లను సంకరం చేశాను. రెండుసార్లూ కాయ మూడు వారాలకే పసుపుపచ్చగా మారి రాలిపోయింది. కాయ నిలిస్తే కొత్త రకానికి మా అమ్మ పేరు పెట్టవచ్చా?
– ఒక పాఠకురాలు, మదనపల్లె

జవాబు: పువ్వు వాడి, కాడ ఉబ్బినంత మాత్రాన ఫలదీకరణ జరిగినట్టు కాదండీ. ఫెలనాప్సిస్‌లో అది పుప్పొడి పెట్టిన రెండు నెలలకు గానీ జరగదు. నర్సరీల్లో దొరికే పెద్ద పూల హైబ్రిడ్లలో క్రోమోజోముల సంఖ్య తేడాగా ఉండి కాయ నిలవకపోవడం మామూలే. తల్లి (కాయ కాసే), తండ్రి (పుప్పొడి ఇచ్చే) మొక్కలను తారుమారు చేసి చూడండి. పువ్వు విచ్చిన నాలుగైదు రోజులకు, టూత్‌పిక్‌తో పుప్పొడి ముద్దలు తీసి, పువ్వు మధ్యలో ఉండే స్తంభం కింది జిగురు గుంటలో పెట్టండి. బలమైన మొక్కపై ఒక్క కాయే ఉంచండి. ట్యాగ్‌పై తల్లి పేరు ముందు, తండ్రి పేరు తర్వాత, తేదీ రాయాలి.

నాలుగైదు నెలలకు, పగలకముందే పచ్చికాయను టిష్యూ కల్చర్ ల్యాబ్‌కు ఇవ్వండి. గింజల్లో ఆహార నిల్వ ఉండదు కాబట్టి ల్యాబ్‌లో పోషకాలు కలిపిన అగార్ అనే జెల్లీలాంటి మాధ్యమంలోనే మొలవాలి. పగిలిన కాయ గింజలకు బూజు త్వరగా పడుతుంది.

ఇక పేరు. రిజిస్టర్ చేసేది లండన్‌లోని రాయల్ హార్టికల్చరల్ సొసైటీ. పిల్లమొక్క పూయాలి, తల్లిదండ్రులిద్దరి పేర్లూ కచ్చితంగా తెలియాలి. మీ మొక్కలకు లేబుల్ లేకపోతే అక్కడే ఆగిపోతుంది. ఈసారి పేరున్నవే కొనండి. అదే జంటను ఎవరైనా ముందే నమోదు చేసి ఉంటే, తల్లీతండ్రీ తారుమారైనా, ఆ పేరే మీ మొక్కలకూ వర్తిస్తుంది. అప్పుడు కూడా, మీకు నచ్చిన ఒక్క మొక్కకు కల్టివార్ పేరుగా (ఎంపిక చేసిన ఆ ఒక్క మొక్కకే చెందే పేరు) అమ్మ పేరు పెట్టుకోవచ్చు.